పరదేశవాసము – మితవ్యయము

ముప్పది, ముప్పదియైదు సంవత్సరములు ఒక పాఠశాలయందో, తపాలా కచేరీయందో, కర్మాగారమునందో పనిచేసి విశ్రాంతి పొందిన ఒక సామాన్య అమెరికా దేశీయుని గూర్చి ఆలోచింపుడు. అతడు ధనికుడు కాడు, దరిద్రుడును కాడు. 2025వ సంవత్సరారంభమున ఆ దేశపు సాంఘిక భద్రతా నిధినుండి, పని విరమించిన వృద్ధులకు లభించుచుండిన పింఛను నెలకు సగటున సుమారు 1,970 డాలర్లు. రూపాయలలోనికి మార్చి చూచినచో ఇది గొప్ప మొత్తముగనే తోచును. కాని అట్లు మార్చి చూచుటయే పొరపాటు. ఆ డాలర్లు ఖర్చగునది అమెరికాలో. ఇంటి అద్దె, శీతకాలమున ఇంటిని వెచ్చగా నుంచుకొనుటకయ్యెడి వ్యయము, మోటారుకారు, దాని బీమా, మందులు – వీనికి చెల్లింపగా మాసాంతమునకు చేత మిగులునది స్వల్పము. దంపతులలో ఒకరు గతించిరా, రెండు పింఛనులు ఒకటి యగును. అద్దె మాత్రము సగము కాదు.

అట్టి వృద్ధునకు ఒక ఉపాయము తోచుచున్నది. లేదా ఎవరో తోపింపజేయుచున్నారు. ఈ పింఛనునే వెంటబెట్టుకొని, జీవితము చౌకగా సాగు దేశమునకు పోయి ఏల నివసింపరాదు? మెక్సికోలోని చపాలా సరస్సుతీరము, పనామా, పోర్చుగల్, మలేషియాలోని పెనాంగు – ఇట్టి తావులు పెక్కు కలవు. చపాలాతీరమున విదేశీయ వృద్ధుల సంఘము 1955లోనే ఏర్పడినది గనుక ఇది నిన్నమొన్నటి వింత కాదు. అయితే ఈ విషయమును నిదానముగా పరిశీలింపదలచువారికి దక్షిణ అమెరికా ఖండమున ఈక్వడార్ దేశమునందలి కుయెంకా నగరమువలె ఉపకరించునది మఱియొకటి లేదు. ఏలయన, అచట ఈ ప్రశ్న రెండు ముఖములతో నొకే వీధిలో నిలిచియున్నది.

కుయెంకా ఆండీస్ పర్వతముల నడుమ సముద్రమట్టమునకు సుమారు 2,550 మీటర్ల ఎత్తున నున్న పట్టణము. ఇంకా చక్రవర్తుల తోమెబాంబా నగరమున్న తావున 1557లో స్పెయిన్ దేశీయులు దీనిని స్థాపించిరి. నాలుగు నదులు దానిగుండ ప్రవహించుచున్నవి. నగరము పూర్తిపేరులోనే ఆ నాలుగు నదుల ప్రస్తావన కలదు. నీలివర్ణపు గుమ్మటములుగల పెద్ద దేవాలయము, రాతిపలకలు పరచిన వీధులు, పెంకుటిండ్లు గల ఆ ప్రాచీనభాగమును 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. ఎండ బాధింపదు, మంచు కురియదు. ఇంటికి వేడిమియంత్రముతోగాని శీతలయంత్రముతోగాని అంతగా పని లేదు. మధ్యాహ్నమున చిన్న పూటకూటియిండ్లలో ఒక గిన్నెడు పులుసు, అన్నము, కొంచెము మాంసము, పండ్లరసము కలిపి ఇంచుమించు మూడు డాలర్లకే లభించును. 65 ఏండ్లు నిండినవారికి బస్సులో సగము ఛార్జి. ఈ రాయితీ ఒకరి దయవలన గాక, 2008లో ఆ దేశము రచించుకొనిన రాజ్యాంగము వృద్ధులకిచ్చిన హక్కుగా లభించుచున్నది. అచట స్థిరనివాసము పొందిన విదేశీయ వృద్ధుడును దాని ననుభవించుచున్నాడు. అన్నిటికి మించిన సౌకర్యము మఱియొకటి కలదు. 2000వ సంవత్సరమునుండి ఆ దేశపు నాణెమే అమెరికా డాలరు. పింఛను వచ్చిన నాణెముననే ఖర్చు పెట్టవచ్చును. మారకపు బెడద లేదు.

ఇట్లు స్వదేశమున చాలీచాలని పింఛను ఇచట చాలినంత అగుచున్నది. చాలినంతయేమి, కొంత మిగులుచున్నది. నదీతీరమున చక్కని అద్దెయిల్లు, వారమునకు రెండుదినములు వచ్చి ఇల్లు శుభ్రపరచు స్త్రీ, సాయంకాలమున కాఫీ, అప్పుడప్పుడు సంగీతసభ. ఆ వృద్ధుడు తన మిత్రులకు వ్రాయుచు, మితముగా జీవించుచు సుఖముగా నున్నాననును. ఆ మాట అబద్ధము కాదు. అయినను అందలి "మితము" అను పదముకడ కొంచెము ఆగవలసియున్నది.

మితమనునది దేనితో కొలువబడును? ఆడమ్ స్మిత్ 1776లో ప్రకటించిన తన అర్థశాస్త్ర గ్రంథమున నార చొక్కాను గూర్చి చర్చించెను. ప్రాణము నిలుపుకొనుటకు నార చొక్కా అక్కరలేదు; ప్రాచీన గ్రీకులు అది లేకయే సుఖముగా బ్రదికిరి. కాని ఆయన కాలపు ఐరోపాలో చాలభాగమున అది లేక నలుగురిలోనికి వచ్చుటకు కూలివాడుసైతము సిగ్గుపడును. కావున అచట ఆ కాలమున అది అవసర వస్తువే యగునని ఆయన తలంపు. అనగా చాలును, చాలదు అనునవి సొమ్మునందుండు గుణములు కావు. అవి ఇరుగుపొరుగువారితో మనుష్యునకు గల సంబంధమునందుండును. ఈ తర్కమునే తిరుగవేసి చూచినచో, ఒహాయోలో మితముగా నుండిన బ్రదుకు కుయెంకాలో మితము కాదు. 2025లో ఈక్వడార్ కార్మికుని కనీసవేతనము నెలకు 470 డాలర్లు. శాశ్వతమైన ఉద్యోగము లేక సంతలలోను వీధులలోను పనిచేయువారికి అదియును నిశ్చయము కాదు. ఆ ప్రభుత్వమే పింఛనుదారులకు నివాసానుమతి నిచ్చునపుడు, కనీసవేతనమునకు మూడురెట్ల ఆదాయము చూపవలయునని నియమము పెట్టినది. అది 2025లో 1,410 డాలర్లు. అల్పాదాయుడనని తలంచుచు వచ్చిన మనుష్యుడు ఆ దేశపు గడప దాటునప్పటికే, చట్టప్రకారము ముగ్గురు కూలివాండ్రకు సమానుడు! ఇల్లు శుభ్రపరచు స్త్రీ దృష్టిలో ఆతడు మితవ్యయుడెట్లగును?

ఇంతవరకు చెప్పినది లోకవిదితమే. కుయెంకా విశేషము ఇంకను లోతుగా నున్నది.

ఆ నగరము, దాని చుట్టునున్న అసువాయ్ ప్రాంతము ఒకప్పుడు టోపీల నేతచే బ్రదికినవి. లోకము పనామా టోపీ యని పిలుచునది పనామాలో పుట్టినది కాదు. అది ఈక్వడార్ స్త్రీపురుషుల చేతిపని. తోకీయా అను మొక్క ఆకులనుండి తీసిన సన్నని పీచుతో వారు దాని నల్లుదురు. పనామా మీదుగ అమ్ముడుపోయినందున ఆ పేరు నిలిచినది. 1940లలో ఈ వ్యాపారము ఉచ్చదశయందుండి, 1950 తరువాత కూలిపోయినది. చేతిలో పని పోయిన అసువాయ్ యువకులు, టోపీలు పోయిన దారినే న్యూయార్కునకు పోసాగిరి. తరువాత 1999 వచ్చినది. సముద్రోష్ణమువలన కలిగిన వరదలు, చమురు ధర పతనము, బ్యాంకుల దివాలా – అన్నియు ఒక్కమారుగా మీదపడగా, ఆ సంవత్సరము మార్చినెలలో ప్రభుత్వము ప్రజల బ్యాంకు నిల్వలను స్తంభింపజేసెను. ఆ సంవత్సరారంభమున డాలరునకు సుమారు 7,000 సూక్రేలుండగా, 2000 జనవరిలో అధ్యక్షుడు హమీల్ మావాద్ 25,000 సూక్రేలకు ఒక డాలరు చొప్పున దేశనాణెమును రద్దుపరచుటకు నిశ్చయించెను. ఆ నెలలోనే ఆయన పదవీచ్యుతుడయ్యెను; నిర్ణయము మాత్రము నిలిచినది. వార్ధక్యమునకై సూక్రేలలో కూడబెట్టుకొనిన ఉపాధ్యాయుడు, దర్జీ, వితంతువు తమ నిల్వలో మూడింట రెండువంతులకు పైగా కరగిపోవుట చూచిరి. లక్షలాది జనులు దేశము విడిచిరి. కొందరు స్పెయిన్‌కు, కొందరు అమెరికాకు.

ఇపుడు రెండు ప్రవాహములను పక్కపక్కన నుంచి చూడవలెను. అమెరికా వృద్ధుడు మారకపు బెడద లేదని సంతసించుచున్న ఆ డాలరు, కుయెంకా వృద్ధుని కూడబెట్టిన సొమ్మును హరించి వచ్చిన డాలరు. దానిని స్థాపించిన విపత్తే ఇచటి యువకుని న్యూయార్కులోని క్వీన్స్ ప్రాంతమునకు తరిమినది. ఆ యువకుడచట ఇండ్లు కట్టుచున్నాడు, భోజనశాలలో అంట్లు తోముచున్నాడు. అనుమతిపత్రములు లేనివారిలో పలువురు తమవి కాని సంఖ్యలతో పనిచేయుచుందురు. వారి కూలినుండియు సాంఘిక భద్రతా నిధికి భాగము కోయబడుచునే యుండును. కాని ఆ సొమ్మును వార్ధక్యమున తిరిగి పొందు హక్కు వారికి లేదు. ఆ నిధి యన్ననో, నేడు పనిచేయువారి చందాతోనే నేటి వృద్ధులకు పింఛను నిచ్చు ఏర్పాటు. కావున కుయెంకాలో నదీతీరమున కూర్చుండి కాఫీ త్రాగు వృద్ధుని పింఛనులో, ఆ కాఫీ తెచ్చియిచ్చిన స్త్రీ కుమారుని చెమట కొంచెమైనను కలిసియుండవచ్చును. ఎంతయని ఎవరును వేరుచేసి చూపజాలరు. కాని లేదనియు ఎవరును చెప్పజాలరు.

ఇంతమాత్రమున ఆ వృద్ధుని దోషిగా నిలబెట్టుట న్యాయము కాదు. ఈ విపత్తులలో దేనిని ఆతడు కల్పింపలేదు. ఆతని పింఛను ఆతడు దశాబ్దములపాటు చందా చెల్లించి సంపాదించుకొనినది. అమెరికా ప్రభుత్వపు వృద్ధవైద్య బీమా సాధారణముగా దేశపు ఎల్లలు దాటి వర్తింపదు. ఆ సంగతి తెలిసియు పోయినవాడు, స్వదేశమున నిలువలేక పోయినవాడే గాని విలాసమునకై పోయినవాడు కాకపోవచ్చును. పైగా ఆతడు తెచ్చు సొమ్ము కుయెంకాలో ఖర్చగును. దానివలన కొందరికి పని దొరకును. పరదేశమున మనుష్యుడు బ్రదుకుదెరువు వెదకుకొనుట తప్పయినచో క్వీన్స్‌లోని యువకుడును తప్పుచేసినవాడే యగును. ఒకని వలసను సాహసమనియు, మఱియొకని వలసను దోపిడి యనియు పిలుచుట తూకపురాళ్లను మార్చుట. ఒక్క భేదము మాత్రము మరువరానిది. వృద్ధుని స్వాగతించుటకు చట్టము వ్రాయబడినది. యువకుని ఆపుటకు గోడ కట్టబడినది.

కాబట్టి దోషమున్నచో అది పోవుటయందు లేదు. పోయిన పిదప నుండు రీతియందుండును. ఇచట ఒక చిత్రమైన తారుమారు కానవచ్చును. విదేశీయ వృద్ధులలో పలువురకు ఒక ఫిర్యాదు కలదు: సంతలో తమకు ఒక ధర, ఊరివారికి ఒక ధర చెప్పుచున్నారని. దీనికి "గ్రింగో ధర" యని పేరు. బంగాళాదుంపల రాశిముందు నిలిచి, ఇరువదియైదు సెంట్లకొరకు పావుగంట వాదించుటను వీరు ఆత్మగౌరవముగా తలంతురు. అదే మనుష్యుడు ఇల్లు అద్దెకు తీసికొనునపుడు, యజమాని చెప్పిన మొత్తము తన దేశపు అద్దెలో సగమే గదా యని మారుమాటాడక ఒప్పుకొనును. రూపాయలలోనికి మార్చి చూచు పాఠకుడు చేసిన పొరపాటునే ఇచట ఆతడు తలక్రిందుగా చేయుచున్నాడు. కోరినదానికంటె ఎక్కువ పుచ్చుకొని యజమాని సంతసించును. మరుసటి ఏట ఆ వీధిలో ఆ ధరయే వాడుక యగును. అచట అద్దెకున్న గుమాస్తా కుటుంబము బస్సు చివరి మజిలీ దాటి పోవలసివచ్చును. ఉదారముగా నుండవలసిన చోట పిసినారితనము, గట్టిగా నుండవలసిన చోట ధారాళము. ఇరువదియైదు సెంట్లు పోయినందువలన ఆతనికి నష్టము లేదు. నూరు డాలర్లు అధికముగా ఇచ్చినందువలనను ఆతనికి నష్టము లేదు. నష్టమంతయు ఎదుటివారిదే గనుక, ఈ రెంటిలో ఏది తప్పో ఆతని సంచి ఆతనికి చెప్పజాలదు. చౌకగా బ్రదుకుటలోని ముఖ్యమైన అపాయమిదియే: తప్పుచేసినపుడు నొప్పి తెలియదు.

మఱి నొప్పి తెలుపునదేది? పరిచయము. ఆ సంతలోనే దానికొక గుర్తు కలదు. ఆండీస్ ప్రాంతమున అమ్మువారు వాడుకగా వచ్చు కొనుగోలుదారునకు తూచి యిచ్చినపిదప ఒక గుప్పెడు అదనముగా వేయుదురు. కెచువా భాషనుండి వచ్చిన మాటతో దానిని "యాపా" యందురు. తెనుగు సంతలలో అది కొసరు. దానికి వేరొక వివరణము అక్కరలేదు. కొసరు ధరలో భాగము కాదు. బేరమాడి గెలుచుకొనునదియును కాదు. అది "నీవు మరల వచ్చెదవు, నేను నిన్నెరుగుదును" అనుట. అమ్మునామె కొనువానిని "వెసి" యని పిలుచును. పొరుగువాడా యని దాని యర్థము. ఊరికి క్రొత్తగా వచ్చిన విదేశీయునిసైతము ఆమె అట్లే పిలుచును. ఆ పిలుపు ఆమె నోట మొదట మర్యాద మాత్రమే. అది నిజమగుటయు కాకపోవుటయు పిలువబడినవాని చేతిలో నున్నది.

పిలుపునకు మారుపలుకుటకు భాష కావలెను. డెబ్బదియేండ్ల వయసున స్పానిష్ క్రియారూపములు నేర్చుకొనుట తేలిక కాదు. చెవి మందగించును, జ్ఞాపకము జారును. అందుచే పలువురు ఆంగ్లము మాటాడు కాఫీశాలలకు, ఆంగ్లము మాటాడు వైద్యునికడకు, తమవంటివారి విందులకు మాత్రమే పోవుచు పదేండ్లు గడుపుదురు. వారు కుయెంకాలో నున్నారనుటకంటె కుయెంకా ధరలలో నున్నారనుట సరియైనది. ధరలు మారినచో వారును మారుదురు. ఇంకను చౌకయైన ఊరి పేరు ఏ పత్రికయందో చూచి మరల పెట్టె సర్దుకొందురు. పూర్వము తెనుగుదేశమునుండి కాశీవాసమునకు పోయిన వృద్ధులును సత్రములలో ఒంటిపూట తిని స్వల్పముతోనే కాలము గడపిరి; భాష రానివారు వారిలోను పెక్కురు. కాని కాశికంటె చౌకయైన ఊరు వేరొకటి కలదని వారికి చెప్పినచో నవ్వియుందురు. వారిని ఆ ఊరికి కట్టియుంచినది వెల కాదు.

వెలచే వచ్చినవానికి కట్టు ఏర్పడరాదని కాదు. ఏర్పడిన ఉదాహరణము చపాలాతీరముననే కలదు. నీల్ జేమ్స్ అను అమెరికా రచయిత్రి 1940లలో అహీహీక్ గ్రామమునకు వచ్చి అచటనే నిలిచిపోయెను. గ్రామమునందలి బాలురకు గ్రంథాలయములు నెలకొల్పెను. చిత్రలేఖనము నేర్పు ఏర్పాటు చేసెను. కడకు తన ఇల్లును తోటను, అచట విదేశీయుల సంఘమునకు అప్పగించెను. 1994లో ఆమె అచటనే కన్నుమూసెను. ఆమె చేసినదంతయు లోపరహితమని చెప్పనక్కరలేదు. ఊరివారికి ఏమి కావలెనో తానే నిర్ణయించు అలవాటు ఉపకారులందరిలోను కొంత యుండును. కాని ఆమె ఆ ఊరిలో కొనుగోలుదారుగా మాత్రము మిగులలేదు.

ఈ విషయమంతటిలో కఠినమైనది రోగము. ఆదాయవ్యయపు పట్టికలో దానికొక గడి యుండును: బీమా ఇంత, వైద్యుని రుసుము ఇంత. ఈక్వడార్‌లో నివాసానుమతి పొందినవారు ఆ దేశపు సాంఘిక బీమాలో స్వచ్ఛందముగా చేరవచ్చును. ప్రైవేటు వైద్యమును అమెరికాతో పోల్చినచో ఎంతయో చౌక. కాని ఎత్తైన ఆ ప్రదేశమున గుండె బలహీనమైననాడు, రాత్రి రెండుగంటలకు తలుపుతట్టి పిలువదగిన ఇల్లు ఏదను ప్రశ్నకు ఆ పట్టికలో గడి లేదు. మనుమలు వేల మైళ్ల దూరమున ఫోనుతెరపై పెరుగుచుందురు. మంచముకడ కూర్చుండి నీళ్లు త్రాగించునది, గంటకు ఇన్ని డాలర్లని కుదుర్చుకొనిన ఒక స్త్రీ. ఆమె తల్లి పల్లెలో మనుమలను పెంచుచుండును. ఆ మనుమల తండ్రి క్వీన్స్‌లో నుండును. అసువాయ్ పల్లెలలో ఇట్టి కుటుంబములు లెక్కకు మిక్కిలి. అచట ఇటుకలతో అద్దములతో క్రొత్తగా కట్టిన రెండంతస్తుల ఇండ్లు, పంపినవారు రానందున, తాళములు వేసియుండును.

ఆ మంచముపై నున్నవాడు ఆమెకు కూలి ఇచ్చుచున్నాడు. ఆమె పని చేయుచున్నది. లెక్క సరిపోయినది. అయినను ఆతని చేతిలో ఆమెకు కావలసినది, కూలికంటె వేరైనది, ఒకటి కలదు. న్యూయార్కునుండి ఆమె ఇంటికి అప్పుడప్పుడు కాగితములు వచ్చును: ఆసుపత్రి బిల్లు, ఇంటి యజమాని నోటీసు, న్యాయస్థానమునకు హాజరు కావలసిన తేదీ. ఆమె సోదరుడు వాని ఛాయాచిత్రము తీసి పంపును. అవి ఆంగ్లముననుండును, అందలి భాష ఆంగ్లము తెలిసినవారికే సగము అర్థము కానిది. ముప్పదియేండ్లు కచేరీలో పనిచేసి అట్టి కాగితములనే చూచిన మనుష్యుడు, అట్టివే స్వయముగా వ్రాసినవాడును కావచ్చును, ఆ పక్కగదిలో పరుండియున్నాడు. ఆమె అడుగుటకు సంకోచించును. ఆతడు అడుగవలసియున్నది. అందులకు ఆతనికి కావలసిన స్పానిష్ మాటలు నాలుగైదు మించవు.